బుల్డోజరుకు కట్టిన దారం

ఇప్పుడు ఆ వీధిలోకి వెళ్ళి సూది ఇల్లెక్కడని అడిగితే కొత్తగా వచ్చినవాళ్ళు తెల్లమొహం వేస్తారు. టైలరమ్మ భర్త అంటే మాత్రం వెంటనే చెయ్యి చాపి చూపిస్తారు. ఒకప్పుడు ఇది తలకిందులుగా ఉండేది. సూది అంటే పక్క వీధులవాళ్ళకి కూడా తెలుసు. అతని భార్య ఎవరో, ఏం కుడుతుందో ఎవరికీ పట్టేది కాదు.

సన్నగా ఉంటాడని పెట్టిన పేరు కాదది. మనిషి బాగానే లావు, పొట్ట కూడా ఉంది. కానీ చేతిలో సీసం కరిగించి అతికే సోల్డరింగ్ ఐరన్ పడితే దాని మొన సూదిలా పనిచేసేది. రేడియో, ఫోను, టీవీ రిమోటు, ఆట బొమ్మ, ఏది తెచ్చిచ్చినా విప్పి, చీమ తలంత చోట అతుకు వేసి, పక్కనున్న అతుక్కి వేడి తెలియకుండా ఐరన్ పైకి తీసేసేవాడు. చదువు అబ్బలేదు. ముందు గడియారాల కొట్లో చేరాడు, అది మూతపడితే రేడియోల కొట్టుకి మారాడు, రేడియోలు పోతే ఫోన్లు పట్టుకున్నాడు. కాలం మారినప్పుడల్లా చేతిని దాని వెనకాల పరిగెత్తించాడు. చెయ్యి ఎప్పుడూ వెనకపడలేదు.

పెళ్ళి కూడా ఆ చెయ్యి వల్లే అయింది. కాళ్ళతో తొక్కే కుట్టుమిషనుకి మోటారు పెట్టించుకోవాలని ఒకమ్మాయి కొట్టుకొచ్చింది. మోటారు పెట్టాడు. అది మళ్ళీ మళ్ళీ చెడిపోయింది. నిజంగానే చెడిపోయిందా అని ఆమె తమ్ముడు ఇప్పటికీ అడుగుతుంటాడు. కాలేజీ బస్సు నడిపే ఆ తమ్ముడికి బావని ఏడిపించడం కంటే ఇష్టమైన పని లేదు.

"ఇంట్లో ఇద్దరూ సూదులే. గుచ్చుకోకుండా కాపురం ఎలా చేస్తున్నారో!" అనేవాడు.

అందరికంటే గట్టిగా సూదే నవ్వేవాడు. ఆ నవ్వు చెయ్యి వణకడం మొదలయ్యేదాకా ఉంది.

మొదట్లో టీ ఎక్కువైందేమో అనుకుని టీ మానేశాడు. నిద్ర చాలట్లేదేమో అనుకుని పెందరాళే పడుకున్నాడు. చివరికి డాక్టరు దగ్గరికి వెళ్తే, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోమన్నాడు. చేతులు రాళ్ళలా ఉన్నాయి. కాగితమిచ్చి సున్నా గియ్యమన్నాడు. ఆ సున్నా ఎలకలు కొరికిన రొట్టెలా వచ్చింది.

"ఊరికే ఉంటే రాదు. పని మొదలుపెడితే వస్తుంది. అదొక రకం," అన్నాడు డాక్టరు. "మందులకి తగ్గొచ్చు, తగ్గకపోనూవచ్చు."

తగ్గలేదు. నిద్ర మాత్రం బాగా పట్టేది.

ఇన్ని జబ్బులుండగా ఒక మెకానిక్కి ఏరికోరి ఈ జబ్బే రావాలా? చెయ్యి ఖాళీగా ఉన్నంతసేపు బుద్ధిమంతుడిలా ఉంటుంది. ఐరన్ మొన అతుకు మీద వాలబోతుందనగా, సరిగ్గా ఆ క్షణాన, ఎవరో భుజం పట్టి కుదిపినట్టు ఊగుతుంది. బలవంతాన ఆపాలని చూస్తే ఇంకా ఊగుతుంది. ఒకరోజు బాగున్న ఫోను బోర్డునొకదాన్ని కాల్చేశాడు. ఓనరు చెడ్డవాడు కాదు. వచ్చినాయనకి తనే సర్దిచెప్పి, సూదిని కౌంటరు దగ్గర కూర్చోబెట్టాడు. అక్కడ చీటీలు రాయాలి. ఆ రాత ఓనరుకి అర్థం కాలేదు, రాసినవాడికీ అర్థం కాలేదు.

"కొన్నాళ్ళు ఇంట్లో రెస్టు తీసుకో," అన్నాడు ఓనరు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో ఇద్దరికీ తెలుసు.

వచ్చేసేటప్పుడు, బాగుకిచ్చి ఎవరూ తీసుకెళ్ళని సామాన్ల అరలోంచి ఏదైనా పట్టుకెళ్ళమన్నాడు. మంచి రేడియో ఉంది, టార్చిలైట్లున్నాయి. సూది పసుపు రంగు బొమ్మ బుల్డోజరు తీశాడు. రెండు పక్కలా గొలుసు చక్రాలు, ఒక్కో పక్కకి ఒక్కో మోటారు. రెండు మోటార్లూ బాగున్నాయి. రిమోటే ఎప్పుడో పోయింది.

"రిమోట్ లేని రిమోట్ బండితో ఏం చేస్తావయ్యా?" అన్నాడు ఓనరు.

"దాన్ని తీసుకునేవాడూ లేడుగా," అన్నాడు సూది.

బుల్డోజరు చాలాకాలం అలమారా మీద దుమ్ము తింటూ కూర్చుంది. కింద సూది కూర్చున్నాడు. వంటిల్లు కాక ఇల్లంతా కలిపి రెండు గదులు. ముందు గదిలో మిషను, బట్టల మూటలు, కొలతలివ్వడానికి వచ్చే ఆడవాళ్ళు. వాళ్ళు వచ్చినప్పుడల్లా అతను వెనకగదిలోకి వెళ్ళాలి, పోయాక రావాలి. రోజంతా అదే పని. "కాస్త లేస్తారా?" అనేది భార్య. ఆ మాట మామూలుగానే అనేది. కానీ అతనికి రోజురోజుకీ అది ఇంకేదో మాటలా వినిపించేది.

అప్పుడు బావమరిది కబురు మోసుకొచ్చాడు.

"బావా, మా కాలేజీలో ల్యాబుకి మెకానిక్ కావాలట. డిగ్రీ గిగ్రీ అక్కర్లేదు. సొంతంగా చేసిందేదైనా పట్టుకెళ్ళి చూపించాలంతే."

"చూపించాలా?"

"చేసింది చూపించమన్నారు బావా, చెయ్యి చూపించమనలేదు."

టైలరమ్మ మిషను ఆపింది. "నీ నోటికి ఒక కుట్టు వెయ్యనా?"

"నేనేమన్నానక్కా! బావ నవ్వుతున్నాడు చూడు."

సూది నవ్వట్లేదు. అలమారా మీదకి చూస్తున్నాడు. "ఆ బండి కిందకి దించు," అన్నాడు.

బుల్డోజరుని రోబోగా మార్చాలి. నడిపేవాడు లేకుండా, నేల మీద గీసిన నల్లగీతని తనే చూసుకుంటూ నడవాలి. లోపలున్న రిమోట్ బోర్డు పీకెయ్యాలి. దాని చోట అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు బోర్డు, మోటార్లకి కరెంటు అందించే ఇంకో బోర్డు, ముందు పక్క కింద, నేలని చూసే రెండు కళ్ళు పెట్టాలి. ఎడమ కంటికి నలుపు తగిలితే ఎడమకి, కుడి కంటికి తగిలితే కుడికి తిరగాలి. అతని బుర్రలో ఇదంతా కుట్టేసిన చొక్కాలా సిద్ధంగా ఉంది. వెయ్యాల్సిన అతుకులే మిగిలాయి.

ఐరన్ భార్య పట్టుకుంది.

మొదట్లో దాన్ని కత్తెరలా పట్టుకుంది. వేలు కాల్చుకుంది. పెన్సిలుతో చూపిద్దామంటే అతని చేతిలో పెన్సిలు ఊగుతుంది. అందుకని వెనకాల స్టూలు మీద కూర్చుని నోటితోనే దారి చెప్పేవాడు. "ఎడమ నుంచి మూడోది. అది కాదు, దాని పక్కది. ముందు వేడి, తర్వాత సీసం. అబ్బా, గుండీ కుడుతున్నావా నువ్వు?"

"గుండీ అయితే ఈపాటికి నాలుగు చొక్కాలకి కుట్టేదాన్ని."

"కుట్టడం కాదిది. సీసం తనంతట తనే పాకాలి."

"పాకమని మీరే చెప్పండి. నా మాట వినట్లేదు."

అతుకు చల్లారాక అద్దంలా మెరిస్తే మంచిది, మసకబారితే పనికిరాదు. మసకబారినప్పుడల్లా అతను విసుక్కున్నాడు, తల కొట్టుకున్నాడు, ఒకసారి లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. మెరిసినప్పుడు మాత్రం "సరే, తర్వాతది" అనేవాడు. అంతకుమించి ఒక్క మంచిమాట అతని నోట రాలేదు. అతని కోపం ఆమె మీద కాదని ఆమెకి తెలుసు. తెలిసినంత మాత్రాన మాట తగలకుండా పోదు కదా.

"నేనెప్పుడైనా మీతో జాకెట్లు కుట్టించానా?" అంది ఒకరోజు, ఐరన్ స్టాండులో పెట్టేసి. "కుట్టించి, పక్కన కూర్చుని తిట్టానా?"

 కాసేపటికి ఆమే మళ్ళీ ఐరన్ తీసుకుంది.

కంప్యూటరు బోర్డుకి చెప్పాల్సిన పాఠం, అదే ప్రోగ్రాము, బావమరిది పాత ల్యాప్‌టాప్‌లో అతనే కొట్టాడు. ఒక అక్షరం నొక్కితే మూడు పడేవి. రెండు చెరిపేసి ముందుకెళ్ళేవాడు. అదొక్కటీ ఎవరి సాయమూ తీసుకోలేదు.

మిషను కాళ్ళ చుట్టూ తిరిగి వంటగుమ్మం దాకా నేల మీద నల్లటేపు అంటించారు. బుల్డోజరు మొదట గోడకి గుద్దుకుంది, తర్వాత బట్టల మూటలోకి దూరింది. కళ్ళని కొంచెం కిందకి దించారు. ఒక సాయంత్రం అది చిన్నగా గురగురలాడుతూ, మలుపు దగ్గర ఒళ్ళు వంచి, గీత తప్పకుండా వంటగుమ్మం దాకా వెళ్ళి ఆగింది. బావమరిది అడ్డంగా కాలు పెడితే ఆ కాలు కూడా ఎక్కేసింది.

"అచ్చం మా బావే! పక్కకి తప్పుకోవడం తెలీదు," అని కాలు రుద్దుకున్నాడు.

ఆ రోజు సూది నవ్వాడు. టైలరమ్మ ఆ నవ్వుని పక్కనుంచి చూసి, మళ్ళీ ఏమీ చూడనట్టు మిషను మీదకి వంగింది.

ల్యాబులో చేరాక రోజూ ఆ పని ఎవరు చేస్తారు? ఈ ప్రశ్న ముగ్గురికీ తెలుసు. ముగ్గురిలో ఒక్కరూ పైకి అనలేదు. ఒకసారి బావమరిది "ముందు చేరనీ, తర్వాత చూసుకుందాం" అన్నాడు. ఏం చూసుకుందామో వాడూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే అది మొదట్నుంచీ నిలిచే పథకం కాదు. కానీ రోజుకి పదిసార్లు వెనకగదిలోకి లేచి వెళ్ళే మనిషికి ఆ మాత్రం పథకం కూడా లేకపోతే ఎలా?

వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే భార్య అతనికి గెడ్డం గీసింది. అతను స్నానానికి వెళ్ళాడు. ఆమె బుల్డోజరుని సంచిలో పెడదామని ఎత్తింది. కింద నుంచి, పక్కల నుంచి ఎర్రవి, నల్లవి, తెల్లవి వైర్లు వేలాడుతున్నాయి. కుట్టిన జాకెట్టుని తిరగేసి చూసినట్టుంది. దారప్పోగు వేలాడే జాకెట్టుని ఆమె జన్మలో ఎవరి చేతికీ ఇవ్వలేదు. అంత పెద్దవాళ్ళ ముందుకి ఇలా వెళ్ళడమేమిటి?

పసుపు దారం రీలు తీసింది. బండి రంగులో కలిసిపోయే పసుపు. వైర్లన్నీ దువ్వి, ఒక్క జడలా చేర్చి, ఇంచీకొక ముడి వేస్తూ బండి పొడుగునా కట్టేసింది. ముడులన్నీ ఒకే వరసలో, ఒకే బిగువుతో ఉన్నాయి. ఒక్క పోగు బయటికి లేదు.

సూది తల తుడుచుకుంటూ వచ్చి చూశాడు. బండిని అటూ ఇటూ తిప్పాడు.

"చాలా బాగుంది," అన్నాడు. "నాకు తట్టనే లేదు సుమా."

ఆమె మొహం విప్పారింది. "ఏదీ, ఇంకోసారి అనండి."

"బస్సుకి టైమవుతోంది పద."

మోటారు వైర్లనీ కళ్ళ వైర్లనీ కలిపి కట్టకూడదని సూదికి తెలియదా? ఎన్ని రేడియోల్లో ఒక వైరు కరెంటు పక్క వైరులోకి దూరి చేసే గోల విని ఎన్ని వైర్లు విడదీశాడో లెక్కలేదు. కొట్లో ఇంకెవరైనా ఇలా కట్టి ఉంటే వాడి వీపు పగలగొట్టేవాడు. కానీ ఆ పొద్దున అతను వైర్లని చూడలేదు. ఇన్నాళ్ళు తిట్లు తిన్న మనిషి వేసిన ముడుల్ని చూశాడు. ఒక్కసారి నేల మీద నడిపి చూసుకున్నా సరిపోయేది. చూసుకోలేదు.

ల్యాబు పొడుగ్గా, చల్లగా ఉంది. తెల్లటి పలకల నేల మీద కోడిగుడ్డు ఆకారంలో నల్లగీత గీసి ఉంచారు. ల్యాబు పెద్ద ఒక మేడమ్, కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని కూర్చుంది. పక్కన ఇద్దరు లెక్చరర్లు. భార్యని వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు. తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆ సందులోంచి ఆమె చెప్పు కొన కనిపిస్తోంది.

సూది చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అవి కదల్లేదు.

"రిమోట్ బోర్డు ఎందుకు తీసేశారు?" అడిగింది మేడమ్.

"రిమోట్ పోయిందండీ. బండి ఒక్కటే మిగిలింది. ఊరికే ఎందుకు కూర్చోబెట్టాలని."

ముగ్గురూ నవ్వారు. ఇంకా అడిగారు. అన్నిటికీ చెప్పాడు. మేడమ్ వంగి బండిని చూసి, "వైరింగు ఎంత నీటుగా ఉందో చూడండి," అంది పక్కవాళ్ళతో. సూదికి ఒళ్ళంతా వెచ్చబడింది.

బండిని గీత మీద పెట్టి స్విచ్ నొక్కాడు. జానెడు దూరం బాగానే వెళ్ళింది. మోటార్లు వేగం అందుకోగానే తల ఎడమకీ కుడికీ విసిరి, గీత వదిలేసి, బల్లకాలుకి గుద్దుకుంది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అంతే. రెండోసారి ఆ ఊగుడు చూడగానే అతనికి తెలిసిపోయింది.  పసుపు ముడులు వరసగా అతని వైపే చూస్తున్నాయి.

"వైర్లండీ," అన్నాడు. "మోటారు వైర్ల గోల కళ్ళ వైర్లలోకి వెళ్తోంది. కలిపి కట్టకూడదు. విడదీస్తే నడుస్తుంది."

"కరెక్టే," అంది మేడమ్. ఆమె మంచి మనిషి. ఆ మంచితనమే కొంప ముంచింది. "తొందరేం లేదు. విడదీసి నడపండి. మేం ఆగుతాం. సామాన్లన్నీ ఆ బల్ల మీదే ఉన్నాయి."

బల్ల మీద బ్లేడు ఉంది. ముడి కిందకి బ్లేడు పోనిచ్చాడు. ఒళ్ళో ఇంతసేపూ బుద్ధిగా ఉన్న చెయ్యి అప్పుడు నిద్రలేచింది. మొదటి ముడి తెగింది. రెండో ముడితో పాటు ఎడమ కంటి తెల్లవైరు కూడా తెగింది.

ఒక్క వైరు. ఒక్క అతుకు. భార్య అయితే మాట్లాడుతూ మాట్లాడుతూ వేసేస్తుంది. తలుపు సందులో చెప్పు కొన అలాగే ఉంది. పిలిస్తే వస్తుంది. పిలిస్తే, ఇవన్నీ ఎవరు అతికారో వాళ్ళకి తెలిసిపోతుంది. పిలవకపోతే? అదీ తెలిసిపోతుంది, ఇంకాసేపట్లో. ఆ కాసేపటి కోసం అతను ఐరన్ తీసుకున్నాడు.

రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాడు. మోచెయ్యి బల్లకి ఆనించాడు. ఊపిరి బిగబట్టాడు. మొన వైరు దాకా వెళ్ళి, దాటిపోయి, మోటారు బోర్డు మీద పడింది. కాలిన వాసన వచ్చింది. 

మేడమ్ లేచి వచ్చి, అతని వేళ్ళు ఒక్కొక్కటే విడిపించి, ఐరన్ స్టాండులో పెట్టింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

అతను చేతులు బల్ల మీంచి తీసేశాడు. "నేను చెప్తానండీ. ఎలా చెయ్యాలో పక్కనుండి చెప్తాను. అంతా తెలుసు నాకు."

"తెలుసు, చూశాను," అందామె. "కానీ చెప్పడానికి ఇక్కడ అందరం ఉన్నామండీ. చేసేవాళ్ళే లేరు."

కోపంతో అనలేదు. ఉన్నమాటే అంది. అతను బండిని సంచిలో పెట్టుకుని బయటికి వచ్చాడు.

వరండాలో భార్య లేచి నిలబడింది. "ఏమన్నారు?"

"ముందే ఎవర్నో అనుకున్నారట. ఇదంతా మొక్కుబడి."

"అయ్యో, వాళ్ళ మొహం మండ!" అని ఆమె సంచి అందుకుంది. బస్సు స్టాపు దాకా వాళ్ళని తిడుతూనే నడిచింది. బెంచీ మీద కూర్చున్నాక, బండికి దెబ్బేమైనా తగిలిందేమోనని సంచిలో చెయ్యి పెట్టింది. చేతికి తెగిన దారం తగిలింది. తిట్లు ఆగిపోయాయి.

"దారం ఎవరు కోశారు?"

అతను రోడ్డు వైపు చూస్తున్నాడు.

"మిమ్మల్నే. నడవలేదా?"

"వైర్లు కలిపి కట్టకూడదు."

"ఆ సంగతి మీకెప్పుడు తెలిసింది?"

"ఎప్పుడూ తెలుసు."

 ఒక బస్సు వచ్చింది. వాళ్ళది కాదు. వెళ్ళిపోయింది.

"మరి పొద్దున బాగుందన్నారు?"

"బాగుంది కనక అన్నాను."

"ఇన్నాళ్ళూ నేను చేసిన ప్రతిదానికీ వంక పెట్టారు," అంది. గొంతు పెంచలేదు. "ఈ ఒక్కరోజు పెట్టాల్సింది. తిట్టాల్సింది మీరు. తిట్టి ఉంటే విప్పేసేదాన్ని." తెగిన దారం వేలికి చుట్టుకుంటూ అంది, "పోనీ, పిలవాల్సింది. గుమ్మం బయటే ఉన్నానుగా."

వాళ్ళ బస్సు వస్తే అతను ముందుగా లేచాడు. 

సాయంత్రం బావమరిది వచ్చాడు. బుల్డోజరు నేల మీద ఉంది. ఎవరు స్విచ్ వేశారో తెలీదు. కాలిన బోర్డులో ఒక పక్కే బతికి ఉంది కాబట్టి, ఒక గొలుసు చక్రమే తిరుగుతోంది. బండి నల్లటేపుని దాటుతూ, మళ్ళీ దాటుతూ, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది. వాడు నోరు తెరిచాడు, ఇద్దరి మొహాలూ చూసి మూసేశాడు. వంగి స్విచ్ ఆపేసి, వచ్చినదారినే వెళ్ళిపోయాడు.

టైలరమ్మ బండిని ఎత్తి బల్ల మీద పెట్టింది. మిగిలిన పసుపు ముడులన్నీ కత్తెరతో ఒక్కొక్కటే తీసేసింది. ఐరన్ ప్లగ్గులో పెట్టింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"చెప్పండి. ఏది ముందు?"

అతను వెనక స్టూలు మీదే ఉన్నాడు. ఎడమ నుంచి రెండోది అని అతనికి తెలుసు. కాలిన బోర్డు తీసి, కొత్తది పెట్టి, తెల్లవైరు అతికితే బండి మళ్ళీ వంటగుమ్మం దాకా వెళ్తుందని తెలుసు. వెళ్ళి ఏం చెయ్యాలో తెలీదు.

"ఐరన్ కాగింది," అంది ఆమె, తల తిప్పకుండానే.

వెనక నుంచి మాట రాలేదు. ఆమె తిరిగి చూసింది. ఒళ్ళో పెట్టుకున్న అతని చేతులు రెండూ ఏ జబ్బూ లేనట్టు, కొత్త చేతుల్లా, కదలకుండా ఉన్నాయి.

కాసేపు చూసి ఆమె ప్లగ్గు పీకేసింది. రేపు ఇవ్వాల్సిన జాకెట్టు ఒకటి మిగిలి ఉంది. కొలతలకి ఎవరో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

ఆమె ఏమీ అనకముందే అతను లేచి వెనకగదిలోకి వెళ్ళిపోయాడు.